రెండున్నర గంటల పెండ్లి వీడియోకు ఏడు గంటల రెండరింగ్: ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి?

ప్రశ్న: హనుమకొండలో పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్, ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్, కార్డు జీటీఎక్స్ 1650 4 జీబీ. రెండు సోనీ ఏ7 మార్క్ 4 కెమెరాల్లో 4కే 25 ఫ్రేమ్‌లు, 10 బిట్ 4:2:2లో షూట్ చేస్తాం. డ్రోన్ కూడా ఉంటుంది. ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేసి 1080పీలో పెన్‌డ్రైవ్‌కు ఇస్తాం. రెండున్నర గంటల వీడియో ఎక్స్‌పోర్ట్ కావడానికి ఏడు గంటలు పడుతోంది. అప్పుడు సీపీయూ (ప్రాసెసర్) 100 శాతం, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) 12 శాతం చూపిస్తోంది. షాపులో ఆర్‌టీఎక్స్ 4070 తీసుకోమన్నారు. ఒక మిత్రుడేమో కార్డు వద్దు, క్విక్ సింక్ ఉన్న ప్రాసెసర్ వేసుకో అంటున్నాడు. ఏఎండీ చవక అని ఇంకొకరు. మా రెండో సిస్టంలో ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, దానికీ ఇదే ప్రాసెసర్. మాఘమాసం లగ్గాలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. ఏది కొనమంటారు?

జవాబు: 4070 కొనకండి. మంచి కార్డే, కానీ మీ పని ఎక్కడ ఆగుతోందో అక్కడ దాని సాయం అందదు. డబ్బు పెట్టాక కూడా సీపీయూ అలాగే 100 దగ్గర ఉంటుంది.

రెండరింగ్ అని ఒక్క మాటలో అంటాం గానీ లోపల మూడు పనులు వరుసగా జరుగుతాయి. కెమెరా ఫైలును విప్పి ఒక్కో ఫ్రేమును బొమ్మగా మార్చడం డీకోడింగ్. ఆ బొమ్మ మీద కలర్ వేయడం, 4కేను 1080కి తగ్గించడం, డిజాల్వ్‌లు, టైటిళ్లు కలపడం రెండో పని. తయారైన బొమ్మలను మళ్లీ హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లోకి కుదించడం ఎన్‌కోడింగ్. కార్డులో వీటికి వేర్వేరు భాగాలున్నాయి. రెండో పనిని కుడా కోర్లు అనే లెక్కల భాగాలు చేస్తాయి. కార్డు ధర పెరిగేది ముఖ్యంగా వీటి సంఖ్యను బట్టే. డీకోడింగ్, ఎన్‌కోడింగ్ మాత్రం చిప్పులో ఒక మూలన ఉండే చిన్న ప్రత్యేక ఇంజిన్ల పని. ఎన్విడియాలో వాటిని ఎన్‌వీడెక్, ఎన్‌వెంక్ అంటారు. ఇంటెల్‌లో రెండూ కలిపి క్విక్ సింక్. ఈ ఇంజిన్లు ఏ ఫైలును విప్పగలవన్నది కార్డు ఖరీదును బట్టి ఉండదు, ఏ తరం కార్డన్నదే లెక్క. మీ విషయం మొత్తం ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

10 బిట్ అంటే 8 బిట్ కన్నా ఎక్కువ రంగుఛాయలు. 4:2:2 అన్నది ఫైలు రంగును ఎంత వివరంగా దాచుకుంటుందన్న లెక్క. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒక రంగు సమాచారం ఉంటుంది, 4:2:2లో రెండింటికి ఒకటి. కలర్ గ్రేడింగ్‌లో పెండ్లికూతురి ఎర్ర పట్టుచీర అంచు చెదరకుండా ఉండేది ఆ అదనపు రంగు వల్లే. కానీ టీవీ, ఫోన్, యూట్యూబ్ అన్నీ 4:2:0తోనే నడుస్తాయి కాబట్టి కార్డుల్లోని డీకోడర్లను చాలా ఏళ్లు దానికే తయారు చేశారు. ఎన్విడియాలో 10 సిరీస్ నుంచి 40 సిరీస్ దాకా ఏ కార్డూ 4:2:2ను విప్పలేదు. మీ 1650 అయినా, షాపాయన చెప్పిన 4070 అయినా, అంతకు ఎంతో ఖరీదైన 4090 అయినా ఈ ఫైలును సీపీయూకే వదిలేస్తాయి. 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే ఎన్విడియాకు 4:2:2 డీకోడింగ్ వచ్చింది, అది హెచ్.264కూ, దాని తర్వాతి తరం ఫార్మాట్ హెచ్.265కూ పనిచేస్తుంది.

మీ మిత్రుడు చెప్పింది సగం నిజం. ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్ల క్విక్ సింక్ 10 బిట్ 4:2:2ను విప్పుతుంది, కానీ హెచ్.265 అయితేనే. సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అంటే హెచ్.265. మీ ఏ7 మార్క్ 4లో పాల్ (25, 50 ఫ్రేమ్‌ల) సెట్టింగ్ మీద హెచ్‌ఎస్ 4కే 50 ఫ్రేమ్‌లకే దొరుకుతుంది. అంటే మీరు 25లో తీస్తున్నవన్నీ ఎక్స్‌ఏవీసీ ఎస్, హెచ్.264. క్విక్ సింక్ వాటిని ముట్టదు. పోనీ 50 ఫ్రేమ్‌లకు మారదామంటే ఈ కెమెరా 4కే 50లో సెన్సర్ మధ్య భాగాన్నే వాడుతుంది, 1.5 రెట్ల క్రాప్ పడుతుంది. 24 ఎంఎం లెన్స్ 36లా కనిపిస్తుంది. మండపం ముందు బంధువులు గుమిగూడినప్పుడు వెనక్కి జరగడానికి జాగా ఉండని ఫంక్షన్ హాల్లో ఇది పెద్ద ఇబ్బంది.

నమ్మకం కోసం మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిప్పు తెరిచి చూడండి. ఫార్మాట్ ఏవీసీ (హెచ్.264కే ఇంకో పేరు), క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:2:2, బిట్ డెప్త్ 10 అని ఉంటే నేను చెప్పింది మీకు అక్షరాలా వర్తిస్తుంది. డ్రోన్ క్లిప్పులు సాధారణంగా 4:2:0 కాబట్టి వాటిని మీ 1650 కూడా విప్పుతుంది.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి, అరగంట పని. పూర్తయిన పెండ్లి టైమ్‌లైన్ లోంచి తలంబ్రాల దగ్గర మూడు నిమిషాల ముక్క ఎంచుకోండి. రెండు కెమెరాల షాట్లూ అందులో ఉండాలి. మొదట ఉన్నది ఉన్నట్టు ఎక్స్‌పోర్ట్ చేసి టైం రాసుకోండి. రెండోసారి సీక్వెన్స్ కాపీ తీసి, అందులో ఎఫెక్టులన్నీ తొలగించి చేయండి.  మూడోసారి ఆ ముక్కలోని కెమెరా క్లిప్పులను సీపీయూ సులువుగా విప్పుకునే ప్రోరెస్ 422 ఫార్మాట్‌లోకి మార్చి, వాటినే టైమ్‌లైన్‌లో పెట్టి, ఎఫెక్టులతో సహా చేయండి. రెండోది బాగా తగ్గితే ఎఫెక్టుల బరువు. మూడోది బాగా తగ్గితే డీకోడింగ్ బరువు. ఏదీ తగ్గకపోతే ఎన్‌కోడింగ్ సీపీయూ మీద నడుస్తోంది, లేదా డిస్క్ అందివ్వలేకపోతోంది. ఇప్పుడు మీ ఏడు గంటల లెక్క ప్రకారం మూడు నిమిషాలకు దాదాపు ఎనిమిదిన్నర నిమిషాలు పట్టాలి. ఆ ముక్క ఎంత తగ్గితే మొత్తం వీడియో దానికి 50 రెట్లు తగ్గుతుంది.

పరీక్ష నడిచేటప్పుడు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, జీపీయూ తెరిచి ఉంచండి. పైన కనిపించే ఒక్క శాతం చూసి ఏదీ నిర్ణయించొద్దు. కింద నాలుగు చిన్న గ్రాఫులుంటాయి, వాటి పేరు మీద నొక్కి ఒకటి వీడియో డీకోడ్‌గా, ఇంకొకటి వీడియో ఎన్‌కోడ్‌గా మార్చుకోండి. మీ సిస్టంలో డీకోడ్ గీత నేలకు అంటుకుని, డ్రోన్ షాట్ వచ్చినప్పుడు మాత్రమే లేస్తుంది. ఎన్‌కోడ్ గీత కొంచెం కొంచెం ఎగిరి ఆగుతుంటుంది. ఎన్‌వెంక్ ఫ్రేము కోసం ఖాళీగా ఎదురుచూస్తోందని దాని అర్థం. మీ 12 శాతం అదే.

రూపాయి ఖర్చు లేకుండా చూడాల్సినవి ముందు చూడండి. ఫైల్, ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లో రెండరర్ మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్ జీపీయూ యాక్సిలరేషన్ కుడా అని ఉండాలి, సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉండకూడదు. పాత టెంప్లేట్ ప్రాజెక్టు తెరిచి అందులోనే పని మొదలుపెడితే ఇది ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ మీదే ఉండిపోతుంది. ప్రిఫరెన్సెస్, మీడియాలో హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ టిక్ పెట్టి ప్రీమియర్‌ను మూసి తెరవండి. ఎక్స్‌పోర్ట్‌లో పర్ఫార్మెన్స్ హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ అని ఉండాలి. వీబీఆర్ 2 పాస్ పెట్టారంటే అది సాఫ్ట్‌వేర్‌కు పడిపోతుంది, కాబట్టి 1 పాస్ పెట్టండి. మ్యాగ్జిమం రెండర్ క్వాలిటీ టిక్ తీసేయండి. జీపీయూ మోడ్‌లో సైజు తగ్గింపు ఎలాగూ నాణ్యంగానే జరుగుతుంది, అది మెమరీ తినడం తప్ప మీకు లాభం లేదు. ప్రాక్సీలు (తేలికైన నకలు ఫైళ్లు) చేసుకుంటే ఎక్స్‌పోర్ట్ వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. ప్రాక్సీ ఎడిటింగ్ సులువు కోసం, ఎక్స్‌పోర్ట్ మామూలుగా మళ్లీ అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది.

ఎఫెక్టుల విషయంలో ఒక జాగ్రత్త. ఎఫెక్ట్స్ ప్యానెల్‌లో కొన్నింటి పక్కన యాక్సిలరేటెడ్ గుర్తు ఉంటుంది. అది లేని పాత ఎఫెక్టు ఒక్కటి క్లిప్పు మీద పడినా ఆ ఫ్రేము సీపీయూకు వెళ్లి తిరిగి రావాలి. ప్రీమియర్‌లో కలర్ వేసే లుమెట్రీ కార్డు మీదే నడుస్తుంది, దిగులు లేదు. బరాత్ రాత్రి షాట్లకు వేసే నాయిస్ తగ్గించే ప్లగిన్లు మాత్రం చాలా బరువు. వాటిని టైమ్‌లైన్ అంతటికీ వేయొద్దు, అవసరమైన షాట్లకే వేసి ఆ ముక్కలను రెండర్ అండ్ రీప్లేస్ (ఎఫెక్టుతో సహా కొత్త ఫైలుగా మార్చడం) చేసేయండి.

ఇప్పుడు కొనుగోలు. మీ ఫైళ్లకు సరిపోయేది 50 సిరీస్‌లో చిన్న కార్డు, ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ. ప్రీమియర్ 2025లో వచ్చిన వెర్షన్ల నుంచి దీని 4:2:2 డీకోడర్‌ను వాడుకుంటోంది కాబట్టి పాత వెర్షన్ మీద ఉంటే కార్డుతో పాటు అదీ మార్చాలి. 1080పీ ఇచ్చే పెండ్లి పనికి 8 జీబీ చాలు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గింపు ఎక్కువ వాడేవాళ్లకే మెమరీ నిండింది అన్న మెసేజ్ తరచుగా వస్తుంది, వాళ్లు 12 లేదా 16 జీబీ చూసుకోవాలి. డావిన్చీకి మారే ఆలోచన ఉంటే విండోస్‌లో ఈ ఫైళ్లకు హార్డ్‌వేర్ సాయం కోసం స్టూడియో వెర్షన్ లెక్క వేసుకోండి. దాని ధర 295 డాలర్లు, ఒకసారి కట్టేదే.

రెండు ఎన్‌కోడర్లు ఉన్న కార్డు కావాలని కొందరు ఒత్తిడి చేస్తారు. 40 సిరీస్‌లో అవి 4070 టీఐ నుంచి పైకే ఉన్నాయి, మామూలు 4070లో ఒకటే. ఎన్‌కోడర్ ఖాళీగా కూర్చున్న సిస్టంలో రెండో ఎన్‌కోడర్ ఏం చేస్తుంది?

ఏఎండీ గురించి. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ ఎంత చవకగా దొరికినా తీసుకోవద్దు, వాటిలో ఎన్‌కోడర్ అసలు లేదు. అలాగే ఎన్విడియా జీటీ 1030లోనూ లేదు. షాపుల్లో ఎడిటింగ్ కార్డు అని చెప్పి అంటగడతారు. ఆర్‌ఎక్స్ 7600 లాంటివి ఎన్‌కోడింగ్ చేస్తాయి గానీ మీ 4:2:2 బరువును దించవు. ఇంటెల్ ఆర్క్ ఏ380 హెచ్.265 4:2:2కు చవకైన మంచి దారి, 75 వాట్ల కార్డు, బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే బోర్డు సెట్టింగుల్లో) రీసైజబుల్ బార్ ఆన్ చేయాలి. కానీ అదీ హెచ్.265కే. హెచ్‌ఎస్‌లో తీసే వాళ్లయితే ముందు దాన్నే చూడమనేవాణ్ని.

మీ ఎడియస్ సిస్టం కథ వేరు. ఎడియస్ ఏళ్ల తరబడి హెచ్.264 ఎక్స్‌పోర్ట్‌కు క్విక్ సింక్ మీదే ఆధారపడింది. మీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది, అంటే లోపలి గ్రాఫిక్స్ లేవు, క్విక్ సింక్ కూడా లేదు. అక్కడ ప్రాసెసర్ మార్చడమే సరైన ఖర్చు. సాకెట్ అదే కాబట్టి బోర్డు మార్చక్కర్లేదు. ఐ5-12400 కన్నా 12500 తీసుకోండి. 12400లో యూహెచ్‌డీ 730, దానికి మీడియా ఇంజిన్ ఒకటి. 12500లో యూహెచ్‌డీ 770, దానికి రెండు. విడిగా కార్డు ఉన్న సిస్టంలో చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను వాటంతట అవే ఆపేస్తాయి. బయాస్‌లోకి వెళ్లి ఇంటర్నల్ గ్రాఫిక్స్ లేదా ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నది ఎనేబుల్ చేయకపోతే కొత్త ప్రాసెసర్ వేసినా టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ పేరే కనిపించదు.

కార్డు కన్నా ముందు షూటింగ్ అలవాటు మార్చుకోవచ్చు, ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. మీ ఫుటేజీలో ఎక్కువ భాగం తంతులే: జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, నాగవల్లి, ఒడిబియ్యం, అప్పగింతలు. కెమెరా గంటల కొద్దీ నడుస్తుంది. వాటికి 8 బిట్ 4:2:0, సోనీ సిద్ధంగా ఇచ్చే కలర్ ప్రొఫైల్ ఎస్-సినెటోన్‌లో ఎక్స్‌పోజర్ సరిగ్గా పెట్టి తీస్తే మీ పాత 1650 కూడా హాయిగా విప్పుతుంది. రామప్ప, లక్నవరం దగ్గర చేసే ప్రీవెడ్డింగ్‌కు 10 బిట్ 4:2:2 ఎస్-లాగ్ (తర్వాత రంగు దిద్దడం కోసం చప్పగా తీసే ప్రొఫైల్) వాడండి, అక్కడ గ్రేడింగ్ అవసరం, క్లిప్పులూ చిన్నవే. 8 బిట్‌లో ఎస్-లాగ్ మాత్రం తీయొద్దు, ఆకాశంలోనూ స్టేజీ వెనక గోడ మీదా మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. రెండు కెమెరాలూ ఒకే సెట్టింగ్‌లో ఉండాలి, లేకపోతే కలర్ కలపడానికే రాత్రంతా పోతుంది.

హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్‌లో క్వాలిటీ పడిపోతుందన్న భయానికి తలంబ్రాల షాటే పరీక్ష. వందల తెల్లటి, పసుపు గింజలు ఒక్కసారిగా నాలుగు వైపులా ఎగురుతాయి, ఏ గింజా మునుపటి ఫ్రేములో ఉన్న చోట ఉండదు. బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) చాలకపోతే ముఖాల చుట్టూ గడులు గడులుగా కనిపించేది అక్కడే. 1080పీ 25 ఫ్రేమ్‌లకు టార్గెట్ 16, మ్యాగ్జిమం 20 ఎంబీపీఎస్ పెట్టి ఆ షాట్‌ను టీవీలో ఆపి చూడండి. బాగుంటే సరే, లేదంటే 20కి పెంచండి. ఫార్మాట్ 8 బిట్ హెచ్.264 హై ప్రొఫైలే ఉంచండి. ఏవీ1 అనే ఫార్మాట్ కొత్తదే గానీ పెండ్లివాళ్ల ఇంట్లోని పాత టీవీ దాన్ని తెరవదు. 16 ఎంబీపీఎస్ మీద రెండున్నర గంటలు దాదాపు 18 జీబీ అవుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, కాపీ కాదు. ఎక్స్‌ఫ్యాట్ చేస్తే సరిపోతుంది. దాన్ని చదవని టీవీల కోసం తంతుల వారీగా అరగంట ముక్కలు (20 ఎంబీపీఎస్ పెడితే 25 నిమిషాలవి) చేసి ఇవ్వండి.

ముక్కలు చేయడంలో ఇంకో లాభముంది. ఎంపీ4 ఫైలుకు సూచిక చివరలో రాయబడుతుంది. 90 శాతం దగ్గర కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోదు, ఆరు గంటలూ వృథా. ముక్కల్లో అయితే పోయేది ఒక అరగంట భాగమే. యూపీఎస్ తప్పనిసరి. ఇంటి ఇన్వర్టర్‌ను నమ్మి కంప్యూటర్ పెట్టొద్దు, కరెంటు మారే ఆ క్షణంలో సిస్టం రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంటుంది.

కార్డుతో పాటు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) చూడండి. 1650 75 వాట్ల కార్డు, చాలా మోడళ్లు స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటాయి, విడిగా వైరు ఉండదు. 5060కి 145 వాట్లు, విడిగా పవర్ కనెక్టర్ కావాలి. క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరులేని 450 వాట్లది అయితే మార్చండి, 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్‌ది చాలు. ఎస్‌ఎంపీఎస్ చాలకపోతే లక్షణం ఒకటే: మామూలు పనిలో బాగానే ఉండి ఎక్స్‌పోర్ట్ మధ్యలో స్క్రీన్ నల్లగా అయి రీస్టార్ట్ అవుతుంది, నేరం కార్డు మీద పడుతుంది. ఇంకో 16 జీబీ ర్యామ్ స్టిక్ కూడా వేయండి. ఒక్క స్టిక్‌తో ర్యామ్ ఒకే ఛానెల్ మీద నడుస్తోంది, రెండోదానితో సైజూ దారీ రెండూ పెరుగుతాయి. మీ ఫుటేజీ ఒక్కో కెమెరాకు 140 ఎంబీపీఎస్, గంటకు 63 జీబీ. మల్టీకెమెరాలో యూఎస్‌బీ హార్డ్ డిస్క్ అటూ ఇటూ ఉరకాల్సి వస్తుంది. నడుస్తున్న పెండ్లిని ఎస్‌ఎస్‌డీలో పెట్టి, ఎక్స్‌పోర్ట్‌ను వేరే డిస్క్ మీదికి పంపండి.

మే నెలలో వరంగల్ 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు మూసిన గదిలో కార్డు వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే ఆ పూటకు చల్లగానే ఉంటుంది, నెల తిరిగేసరికి హీట్‌సింక్ నిండా దుమ్ము. ముందు ఫ్యాన్ లోపలికి, వెనక ఫ్యాన్ బయటికి తిరిగేలా పెట్టి, సీజన్ మొదట్లో బ్లోయర్‌తో శుభ్రం చేయించండి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, మీ ఊళ్లోనే కొన్నా సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. డ్రైవర్ స్టూడియో రకం వేయండి, చేతిలో పెండ్లి ఉండగా దాన్నీ ప్రీమియర్‌నూ అప్‌డేట్ చేయొద్దు. బిగించిన రోజే ఒక 4:2:2 క్లిప్పు ప్లే చేసి టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గీత చూడండి. అది లేచి నిలబడితే పని అయినట్టే. లేవకపోతే వెర్షన్, మీడియా ప్రిఫరెన్సెస్‌లోని టిక్, డ్రైవర్ ఆ వరుసలో సరిచూసి, తలంబ్రాల ముక్కను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి పాత టైం పక్కన రాసుకోండి.